పరామర్శ పది దినాలతో ముగియరాదు

ఈ పుటలలో మేము సాధారణంగా నూలును గురించి, పక్కా రంగులను గురించి, మగ్గం సాధనాలను గురించి పాఠాలు వ్రాస్తూ ఉంటాము. ఈ సంచికలో పాఠం మగ్గం మీద కూర్చునే మనిషిని గురించి. పడుగులో పోగు తెగితే ఎక్కడ వెదకి ఎట్లా అతకవలెనో మన ఇండ్లలో చిన్నపిల్లలకు సైతం తెలుసును. ఇంటిమీద పిడుగు వంటి కష్టం పడి మనిషి లోలోపల తెగిపోయినప్పుడు ఏమి చేయవలెనో మాత్రం మనలో అనుభవజ్ఞులకు కూడా తోచదు. "కాలమే మాన్పుతుంది" అని ఊరుకొంటాము. కాలం కొంత మాన్పే మాట నిజమే. కాని ఆ కాలంలో చుట్టూ ఉన్నవారు ఏమి చేశారు, ఏమి చేయలేదు అనే దానిమీద చాలా ఆధారపడి ఉన్నది.

కష్టమని మేమంటున్నది రోజువారీ చికాకులను కాదు. ఇంటి పెద్ద ఉన్నట్టుండి పోవడం, కండ్ల ఎదుట అగ్నిప్రమాదం జరగడం, వరద నీటిలో మగ్గం గుంట మునిగి ఇల్లు విడిచి పరుగెత్తవలసి రావడం, అప్పుల బాధకు తాళలేక ఇంట్లో ఒకరు ప్రాణం తీసుకోవడం, ఇట్టివి. వీటి తరువాత మిగిలినవారికి నిద్ర పట్టదు. చిన్న చప్పుడుకు ఉలికిపడతారు. జరిగినదే మళ్ళీ మళ్ళీ కండ్లకు కడుతుంది. లేదా ఏ స్పర్శా లేని కొయ్యబొమ్మవలె కూర్చుండిపోతారు. దీనిని వైద్యులు ట్రామా అంటారు; మనం మానసిక గాయం అనుకొందాము. సిరిసిల్లలో అప్పుల వలన, పనిలేమి వలన మరమగ్గాల కార్మికులు ఎందరో ఆత్మహత్యలు చేసుకొన్న సంగతి పాఠకులు మరచి ఉండరు. పోయినవారిని గురించి పత్రికలు వ్రాసినవి. మిగిలిన ఇల్లాండ్రు, పిల్లలు ఎట్లా లేచి నిలబడినారో వ్రాసినవారు తక్కువ.

బెంగుళూరు సంగతికి వస్తాము. కబ్బన్‌పేట, నగరత్‌పేట, యలహంక, ఆ పైన దొడ్డబళ్ళాపురం, ఈ చోట్ల పట్టునేత మీద బ్రతికే ఇండ్లలో తెలుగు మాట్లాడేవి తరతరాలుగా ఉన్నవి. 2020 మార్చి 25 నుండి దేశమంతటా తలుపులు మూసినప్పుడు ఈ పేటలలో మగ్గాల మోత ఒక్కసారిగా ఆగినది. పెండ్లిండ్లు లేవు గనుక చీరకు బేరం లేదు. చీరకు బేరం లేదు గనుక మజూరీ లేదు. ఆ ఏడు మే నెలలో కర్ణాటక ప్రభుత్వం నేతవారికి తలకు 2,000 రూపాయల సాయం ప్రకటించినది. మరుసటి ఏడు, 2021 ఏప్రిల్, మే నెలలలో జబ్బు రెండవసారి విరుచుకుపడినప్పుడు నగరంలోని శ్మశానాల ముందు బండ్లు బారులు తీరినవి. ఆ దినాలలో పోయినవారి ఇండ్లకు పరామర్శకు పోయిన మనిషి లేడు, పోదామన్నా పోనిచ్చే పరిస్థితి లేదు. పదకొండవనాడు నలుగురు కూడి విస్తరి వేసిన ఇల్లు అరుదు. కడసారి ముఖం కూడా చూడనివారు ఎందరో. వారి దుఃఖం కొన్ని ఇండ్లలో నేటికీ గడ్డకట్టి ఉన్నదని మా అభిప్రాయం. పరామర్శ అనే ఆచారం లేకుండా పోయినప్పుడే అది ఎంత పని చేస్తున్నదో మనకు తెలిసివచ్చినది.

ఈ విషయంలో దేశానికి పాఠం చెప్పిన సంస్థ ఒకటి మన నగరంలోనే, హోసూరు రోడ్డు మీద ఉన్నది. మైసూరు సంస్థానం నాటి మానసిక వైద్యశాలకు తోడుగా 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడినది. 1974 డిసెంబరు 27న ఈ రెండూ కలిసి నిమ్హాన్స్ అయినవి. మన పేటలలో దానిని పిచ్చాసుపత్రి అనే అలవాటు ఇంకా పోలేదు. ఆ మాట వలన అక్కడికి పోవలసినవారు ఎందరు పోకుండా ఆగిపోయినారో లెక్క కట్టడం సాధ్యం కాదు.

1981 ఫిబ్రవరి 7, శనివారం. బెంగుళూరులో వీనస్ సర్కస్ మధ్యాహ్నపు ఆట ముగియవచ్చే వేళ డేరాకు నిప్పంటుకొన్నది. 92 మంది పోయినారు. వారిలో ఎక్కువమంది పిల్లలు. ఆటకు తీసుకొని వచ్చిన తల్లిదండ్రులు, పిల్లలను పంపి ఇంట ఉన్న తల్లిదండ్రులు, వీరి గతి ఏమి? నిమ్హాన్స్ వైద్యుడు డాక్టర్ హెచ్. ఎస్. నారాయణన్, ఆయన సహచరులు ఈ ప్రశ్న వేసుకొని, తమవారిని పోగొట్టుకొన్న బంధువులను కలిసి, వారి దుఃఖం ఏ ఏ రూపాలలో ఉన్నదో పరిశీలించి 1987లో ప్రచురించారు. ఒక దుర్ఘటన తరువాత మిగిలినవారి మనసులను మన దేశంలో శాస్త్రీయంగా పరిశీలించిన తొలి ప్రయత్నాలలో అది ఒకటి. కాలిన ఒంటికి మందు వేయడంతో ఆసుపత్రి పని అయిపోలేదని, ఒంటిమీద మచ్చ కూడా లేని తండ్రి సైతం క్షతగాత్రుడేనని దాని భావం.

తరువాత 1984 డిసెంబరులో భోపాలు విషవాయువు. బాధితులు లక్షలు, మనోవైద్యులు వ్రేళ్ళమీద లెక్కపెట్టదగినంతమంది. నిమ్హాన్స్‌వారు అక్కడి సామాన్య వైద్యులకు ఈ విద్యలో శిక్షణ ఇచ్చారు. 1999 అక్టోబరులో ఒరిస్సా పెనుతుపాను, 2001 జనవరి 26న గుజరాతు భూకంపం, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఇంకొక మెట్టు దిగి, వైద్యులు కానివారికి, అనగా అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు, ఊరి యువకులకు నేర్పినారు. ఊరివారే ఊరివారిని ఊరడించే పద్ధతి ఇది. ఇందులో ఏడు అంశాలు చెబుతారు. దుఃఖాన్ని వెళ్ళగక్కనివ్వడం, ఎదుటివారి స్థితిలో తనను నిలుపుకొని చూడడం, చెవియొగ్గి వినడం, నలుగురి తోడు కూర్చడం, మనసును బయటి పనులవైపు మళ్ళించడం, విశ్రాంతికి, వినోదానికి చోటివ్వడం, ఎవరి నమ్మకం ప్రకారం వారిని దైవచింతనలో ఊరట పొందనివ్వడం. ఇవి చదివి మన పెద్దలు నవ్వవచ్చును. ఇందులో కొత్త ఏమున్నది, మన పరామర్శలో లేనిది ఏది అని అడగవచ్చును.

ఉన్నది. మన పరామర్శలోని లోపాలు కొన్ని చెప్పక తప్పదు.

మొదటిది, అది చాలా త్వరగా ముగుస్తుంది. పది పన్నెండు దినాలు ఇల్లు జనంతో నిండి ఉంటుంది. ఎవరో ఒకరు వండిపెడతారు. కర్మ ముగిసి బంధువులు బస్సు ఎక్కిన మరునాటి నుండే అసలు కష్టం మొదలవుతుంది. ఆనాడే షావుకారు అడ్వాన్సు సంగతి ఎత్తుతాడు. ఆనాడే బడిలో ఫీజు అడుగుతారు. ఆ రాత్రే ఇల్లు మొదటిసారి నిశ్శబ్దమవుతుంది. మనిషి అవసరమైన సమయంలో మనిషి ఉండడు. మన సంఘం వారు చేయగల మొదటి పని ఇదే: కష్టం వచ్చిన ఇంటికి పదమూడవనాటి నుండి ఆరు నెలల వరకు వారానికొకరు పోయే వంతు ఏర్పరచుకోవడం. పేటలో పది ఇండ్లు కలిస్తే ఒక్కొక్క ఇంటికి రెండున్నర నెలలకొక వంతు వస్తుంది. ఎవరికీ బరువు కాదు.

రెండవది, మనం మాట్లాడే మాటలు. "నీవే ఇట్లా అయితే పిల్లలగతి ఏమి?" "అంతా నుదుటి వ్రాత." "ముందే కనిపెట్టి ఉంటే బాగుండేది." వీటిలో మొదటిది ఏడ్పును నోటిలోనే కుక్కుతుంది, మూడవది జీవితాంతం గుచ్చుకొంటుంది. కొందరు పరామర్శకు వచ్చి, ఎట్లా జరిగినది, ఎవరు ముందు చూచినారు అని నేర విచారణవలె అడుగుతారు. చెప్పాలని ఉన్నవారిని చెప్పనివ్వవలెను, చెప్పలేనివారిచేత చెప్పించరాదు. కష్టం జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి జరిగినదంతా ఒక్క విడతలో చెప్పించే పద్ధతి ఒకటి పాశ్చాత్య దేశాలలో కొంతకాలం వాడుకలో ఉండేది. దాని వలన మేలు లేదని తేలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దని చెప్పినది. "వదినా, ఈ పూట కండెలు నేను చుడతాను, మీరు కొంచెం నడుం వాల్చండి" అనే మాట పది ధైర్యవచనాల కన్న మేలు. ఏమీ మాట తోచకపోతే ప్రక్కన ఊరక కూర్చున్నా చాలును.

మూడవది చెప్పడం కొందరికి కష్టంగా ఉండవచ్చును, అయినా చెబుతాము. భర్త పోయిన స్త్రీని శుభకార్యాలకు దూరం పెట్టడం, కొత్త పడుగు ఎక్కించే వేళ ఎదురు రావద్దనడం ఇంకా అక్కడక్కడ జరుగుతున్నది. మనిషికి తోడు కావలసిన సమయంలో తోడును శాస్త్రం పేరు చెప్పి తీసివేయడమన్న మాట. ఆమె నిన్నటివరకు ఆ ఇంటి పట్టును వడికి, కండెలు చుట్టి, సగం పని తానే చేసిన మనిషి. మజూరీ పుస్తకంలో ఆమె పేరు ఉండదు, పరామర్శలో కూడా అందరూ మగవాని అన్నదమ్ములతోనే మాట్లాడతారు.

పిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పవలెను. "నాన్న ఊరికి పోయినాడు" అని దాచడం మనకు అలవాటు. పిల్లలు పెద్దల ముఖాలు చదువుతారు. అబద్ధమని తెలిసిన తరువాత అడగడం మానివేస్తారు, భయపడడం మానరు. చనిపోయినాడని తేలిక మాటలలో చెప్పి, అందులో నీ తప్పు ఏమీ లేదని కూడా చెప్పవలెను. ఈ రెండవ మాట చాలామంది మరచిపోతారు. పిల్లలు తమ అల్లరి వలననే జరిగినదని అనుకొనే అవకాశం ఎక్కువ.

పూర్వం వీధి పొడవునా పడుగు సాచి గంజి పెట్టే రోజులలో తెల్లవారకముందే పది ఇండ్లవారు వీధిలో ఉండేవారు. కుంచె పట్టినవారు ఇటు, తెగిన పోగులు అతికేవారు అటు. ఒకరింట కష్టం ఉన్నదని ఎవరూ వచ్చి చెప్పనక్కరలేదు. ఆ మనిషి ముఖంలో అందరికీ కనబడేది. మరమగ్గం వచ్చి మన శరీరశ్రమ తగ్గించిన మాట నిజం, దానిని మేము నిందించము. కాని అది ఎవరి గోడల మధ్య వారిని కూర్చోబెట్టినది. ప్రక్క మనిషి మాట వినబడనంత చప్పుడు చేసినది. అందువలన పూర్వం తనంతట జరిగే పనిని ఇప్పుడు మనం ఏర్పాటు చేసుకొని జరుపుకోవలసి వచ్చినది.

ఇక మనిషి తనకు తాను చేసుకోగలది ఏమి? ఆత్మపరిశీలన మంచిదని పెద్దలు చెబుతారు. అయితే తన్ను తాను పరిశీలించుకోవడం వేరు, గానుగెద్దువలె ఒకే బాధచుట్టూ తిరగడం వేరు. అమెరికాలో సుసాన్ నోలెన్ హోక్సెమా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1989లో కాలిఫోర్నియాలో భూకంపం వచ్చినప్పుడు, అంతకు కొద్ది రోజుల ముందే తాను ప్రశ్నించి ఉన్న విద్యార్థులను మళ్ళీ ప్రశ్నించినది. తన దిగులును గురించే తలపోస్తూ కూర్చునే అలవాటు ముందు నుండీ ఉన్నవారు భూకంపం తరువాత ఎక్కువ కుంగిపోయినారని తేలినది. మరి ఏ రకం చింతన మేలు చేస్తుంది? అదే దేశంలో జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, విద్యార్థులు తమ జీవితంలోని ఘోరమైన అనుభవాన్ని వరుసగా నాలుగు దినాలు, దినానికి 15 నిమిషాలు కాగితం మీద వ్రాసినారు. వ్రాసిన వెంటనే బాధ పెరిగినది. తరువాతి నెలలలో, జరిగినదానితోబాటు తమ మనసులోని మాట కూడా వ్రాసినవారు, ఊరక విషయాలు వ్రాసినవారి కన్న తక్కువసార్లు వైద్యుని వద్దకు పోయినారు. ఇది మహామంత్రమేమీ కాదు. తరువాత జరిగిన పరీక్షలలో దీని గుణం కొద్దిపాటిదే అని తేలినది. మొదలు, తుది ఉన్న పని కావడమే దీనిలోని మంచి అని మేము అనుకొంటాము. గడియారం చూచి మొదలుపెట్టి, గడియారం చూచి ఆపి, పుస్తకం మూసి మగ్గం మీదికి పోవచ్చును. వ్రాత రాని అవ్వ అయితే నమ్మిన మనుమరాలికి చెప్పుకోవచ్చును.

మగ్గం మీదికి పోవడం అన్నాము. చేతికి పని ఉండడం దుఃఖానికి ఊతకర్ర వంటిది. నాడె ఆడే లయలో మనసు కొంత కుదుటపడుతుందని నేసేవారికి మేము చెప్పనక్కరలేదు. అయినా తొందరపెట్టి కూర్చోబెట్టరాదు. పోయిన మనిషి కూర్చున్న మగ్గమే అయితే, ఆ గదిలోనే ఏదైనా జరిగి ఉంటే, కొన్ని నెలలు ఇంకొకరింటి మగ్గం మీద పని ఇప్పించడమో, మగ్గం చోటు మార్చడమో చేయవలెను. గడువు పెట్టి చీర కోయమనడం మొదటి నెలలో వద్దు.

చెట్టుచేమల సంగతి. పేటల సందులలో ఆకాశం కూడా పన్నె వెడల్పే కనబడుతుంది. 1984లో రోజర్ అల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఒక ఆసుపత్రి రికార్డులు పరిశీలించినాడు. పిత్తాశయం తీసివేసిన 46 మంది రోగులలో, కిటికీలోనుండి చెట్లు కనబడిన మంచాలవారు, ఇటుక గోడ కనబడినవారి కన్న త్వరగా ఇంటికి పోయినారు. గట్టి నొప్పి మందులు తక్కువ తీసుకొన్నారు. మనకు లాల్‌బాగు ఉన్నది. హైదరాలీ 1760లో వేయించిన తోట నేడు 240 ఎకరాలు. అందులోని కొండబండ వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. దానిమీద కెంపేగౌడ కట్టించిన గోపురమున్నది. నగరత్‌పేట నుండి అది దూరం కాదు. దుఃఖంలో ఉన్న మనిషిని "కొంచెం తిరిగి రా" అని పంపితే పోడు. "అన్నా, రేపు తెల్లవారి నేను లాల్‌బాగుకు పోతున్నాను, తోడు రావలె" అంటే వస్తాడు. నడిచేటప్పుడు ఎదురెదురుగా కూర్చోనక్కరలేదు. మొగవారు ఇంట్లో చెప్పని మాటలు ప్రక్క ప్రక్కన నడుస్తూ చెబుతారు. మిద్దె మీద తులసి, కరివేపాకు కుండీలు పెట్టి నీరు పోసే పని ఇంట్లోని ముసలివారికి అప్పగించడం కూడా మంచిదే.

ఇంత చెప్పిన తరువాత డబ్బు మాట చెప్పకపోతే ఈ పాఠమంతా వేదాంతమవుతుంది. అప్పు గుండెల మీద కూర్చున్న మనిషికి లాల్‌బాగు గాలి ఎంతసేపు పనిచేస్తుంది? అడ్వాన్సు తీసుకొన్న ఇంట కష్టం వచ్చినప్పుడు ఆ ఇల్లాలిని ఒంటరిగా షావుకారు ముందుకు పంపరాదు. సంఘం నుండి ఇద్దరు పెద్దలు వెంట పోయి, ఎంత తీసుకొన్నారు, ఎంత తీరినది అనే లెక్క కాగితం మీద వ్రాయించి, వాయిదా అడగవలెను. మరణ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, బీమా, వితంతు పింఛను, ఈ కాగితాల పని ఎరిగిన యువకుడొకడు ప్రతి పేటలో ఉంటాడు. అతనికి ఆ పని అప్పగించవలెను. నిమ్హాన్స్‌వారి పద్ధతిలో కూడా తోడు అంటే కన్నీరు తుడవడమొక్కటే కాదు. ఆఫీసు మెట్లు ఎక్కించడం కూడా అందులో భాగమే.

ఇవన్నీ చేసినా చాలనివారు కొందరుంటారు. చాలామందికి బాధ క్రమంగా తగ్గుతుంది. నెల దాటినా పీడకలలు వదలకపోయినా, జరిగిన చోటి దరిదాపులకు పోలేకపోయినా, తిండి నిద్ర పని మూడూ చెడినా, త్రాగుడు పెరిగినా వైద్యుని చూపించవలెను. చచ్చిపోవాలన్న మాట ఎవరి నోట వచ్చినా నెల చూడరాదు, దినం కూడా చూడరాదు. ఆనాడే పోవలెను, అంతవరకు ఆ మనిషిని ఒంటరిగా విడువరాదు. అట్లా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని భయపడేవారున్నారు. పుట్టదు. "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?" అని మెల్లగా అడగడం వలన మనిషి బరువు తగ్గుతుంది.

పోలీసు కేసు భయం వలన దాచేవారు నేటికీ కలరు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నారనే భావించవలెనని, శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నది. ప్రయత్నాన్ని నేరంగా ఎంచిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షను 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. కాబట్టి దాచవలసిన పని లేదు.

టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది. దీనికి ముఖ్య కేంద్రం నిమ్హాన్సే. 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా, రుసుము లేకుండా, తెలుగులో గాని కన్నడంలో గాని మాట్లాడవచ్చును. నిమ్హాన్స్‌కు పోయేవారు ఉదయమే చేరి పేరు నమోదు చేయించుకోవలెను. ఇదివరకు చూపించుకొన్న చీటీలు, వాడుతున్న మందులు, బి.పి.ఎల్. కార్డు ఉంటే అది, ఇంటి మనిషి ఒకరు వెంట ఉండవలెను. ఇంట్లో తోడు పోగలవారు లేనప్పుడు ఆ వారం వంతు ఎవరిదో వారు ఒక పూట మగ్గం ఆపి వెంట పోవలెను; ఆ పూట మజూరీని సంఘం నిధి నుండి ఇవ్వడానికి సభ్యులు వచ్చే సమావేశంలో తీర్మానించవలెనని కోరుతున్నాము.